నాలుగు గళ్లు

ఢిల్లీ జనక్‌పురిలో మా పై అంతస్తు ఆంటీ నాకూ, ఇంకొందరు పదో తరగతి పిల్లలకూ బయాలజీ ట్యూషన్ చెప్పేవారు. ఆవిడ కొంగుకి ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉండేది. వంశపారంపర్యం పాఠంలో బోర్డు మీద నాలుగు గళ్లు గీసేవారు. తల్లిలోనూ తండ్రిలోనూ లోపమున్న జన్యువు దాగి ఉంటే, అందులో ఒక గడి జబ్బుది.

"మొదటి బిడ్డకే వచ్చేస్తే మిగతా ముగ్గురూ సేఫ్ కదా ఆంటీ?" అన్నాను.

ఆవిడ కొంగుతో బోర్డంతా తుడిచేసి, సుద్దముక్క నా చేతికిచ్చారు. "అచ్ఛా, రెండో బిడ్డకి మళ్లీ గీయమ్మా. ఈ గళ్లకి మొదటి బిడ్డ గుర్తుండదు." మూడో బిడ్డకీ అలాగే తుడిచి గీయించారు.

ఇప్పుడు మా బాబుకి అలా వచ్చే జబ్బే, తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నాం. నాకు మళ్లీ మూడో నెల. కడుపులో బిడ్డకి చేసిన పరీక్ష ఫలితం రేపు వస్తుంది.

"ఒకడికి వచ్చిందిగా, ఈసారి ఏం కాదులే," అన్నారు మా ఆయన, అన్నం తింటూ.

ఆంటీ మాట నోటిదాకా వచ్చింది. "అవునండీ," అన్నాను.

ఆయన పడుకున్నాక బాబు పలక మీద నాలుగు గళ్లు గీశాను. ఏ గడిలోనూ ఏమీ రాయలేక చున్నీతో తుడిచేశాను.