బతికున్న బాపుకు పరామర్శ

నేను రాసిన కథను కథ కాదన్నరు. జమ్మికుంటల కథల సంకలనం వేస్తున్నోళ్లు దాన్ని తీస్కపోయి 'అనుభవాలు' అనే భాగంల పెట్టిండ్రు. కరెంటు మగ్గాలు, గవే సాంచాల మీద బట్ట నేసేటోడు గుండె ఆగి సచ్చిపోతే, వాని కొడుకు 'నేను' అనుకుంట చెప్పే కథ అది.

ఇయ్యాల పొద్దుగాల సంపాదకుడు సారు ఫోన్ చేసిండు. "మీ నాయిన పోయిన సంగతి చదివి ఏడుపొచ్చింది తమ్మీ" అన్నడు.

"మా బాపు నా పక్క సాంచ మీద తెగిన పోగు అతుకుతుండు సార్. ఫోనియ్యమంటరా?"

వద్దన్నడు సారు. "అయినా మీ బతుకే కదా. అనుభవమంటేనే దానికి విలువ" అన్నడు.

గదే పుస్తకంల ఒక కాలేజీ లెక్చరర్ గూడ 'నేను సాంచాలు నడుపుత' అని రాసిండు. ఆయనది కథల భాగంలనే ఉన్నది. ఊహించే హక్కు ఆయనొక్కనికే రాసిచ్చిండ్రా?

బాపుకు చెప్పిన. "కథల గదా సంపినవ్, గంత తెల్వదా ఆయనకు?" అన్నడు. బాపు చదివింది ఐదో తరగతి.

చదివేటోళ్లు మీరే చెప్పుండ్రి. సారూ, మీకు శనివారం సాయంత్రం ఐదింటి దాక టైమిస్తున్న. నా కథను కథలల్లకు మార్చుండ్రి, లేకుంటే పుస్తకంల నుంచే తీసెయ్యుండ్రి. ఏది చేస్తరో ఈ పోస్టు కిందనే, అందరు చూసేటట్టు రాయుండ్రి.