చివరి వారం, పచ్చదారం

ఇప్పుడైతే కథ ముగింపు కావాలంటే ఫోన్ తీసి చూసేసుకుంటారు. ఆ రోజుల్లో మా వరంగల్‌లో అంత సుఖం లేదు. వారపత్రికలో మంచి సీరియల్ వస్తే ఆ పేజీలను వారంవారం చించి దాచి, అంతా అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట తొడిగి, వీధి వీధంతా వరసలో చదువుకునేవాళ్లం. మా వీధిలో ఆ కుట్టే అధికారం మా పెద్దమ్మది. ఎవరి తర్వాత ఎవరు చదవాలో కూడా ఆమే చెప్పేది. ఆ వరసలో సరిగ్గా నాకు ముందు టైపు పిల్ల ఉండేది. (టైపింగ్ నేర్చుకునేది కాబట్టి వీధంతా అలాగే పిలిచేవారు. అసలు పేరు నాకు బాగా తెలుసు, ఇప్పుడెందుకు లెండి.) నేను మా మేనమామ మ్యాచింగ్ సెంటర్‌లో దారాలు, లేసులు అమ్మేవాణ్ణి. ఆమె చదివేసిన కట్టను నేరుగా మా కౌంటర్ మీదికి తెచ్చిచ్చేది.

ఆ సీరియల్ నలభై వారాలది, నాలుగు కట్టలు. రామప్ప గుడి కడుతున్న కాలం. పాలంపేటలో ఒక శిల్పి సగం చెక్కిన బొమ్మ ముందు చచ్చిపడి ఉంటాడు. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఓరుగల్లు నుంచి ఒక కావలి నాయకుడు వస్తాడు. శిల్పి కూతురు అతనికి పదిహేడో వారంలో చెంబుతో మంచినీళ్లిస్తుంది. ఇరవై తొమ్మిదో వారంలో అతను ఆ చెంబు తిరిగిస్తాడు. మధ్యలో పన్నెండు వారాలు చెంబు అతని దగ్గరే! ఆ పేజీలు చదువుతున్నన్నాళ్లూ నాకు అన్నం సహించలేదు. టైపు పిల్ల అంటే నాకు ప్రాణం మరి. ఆ మహానుభావుణ్ణి చూసి, ప్రేమంటే నోరు మూసుకుని ఉండటమేనని గట్టిగా నమ్మాను.

మూడో కట్ట ఇస్తూ ఆమె అంది, “ఆయన ఇంకెన్నిరోజులు గట్లనే చూసుకుంట ఉంటడు? ఒక్కమాట అడగరాదా?”

“ముందుగాల హంతకుడు దొరకాలె గదా,” అన్నాను, చాలా పెద్దరికంగా.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, పచ్చ పట్టుదారం రీలు ఒకటి కొనుక్కుని వెళ్లిపోయింది.

నాలుగో కట్టలో చివరి వారం లేదు. ముప్పైతొమ్మిదో వారం ఆఖరున నాయకుడు తలెత్తి ఆమె కళ్లలోకి చూస్తాడు. అంతే, తర్వాత అట్ట! నాకు ఏడుపొక్కటే తక్కువ. కట్టంతా పెద్దమ్మ తెల్ల పురికొస మోటుకుట్లే గానీ, వెనక అట్ట దగ్గర మాత్రం పచ్చదారంతో ముచ్చటైన సన్నకుట్టు ఉంది. పెద్దమ్మను అడిగితే, “నేను కుట్టినప్పుడు నలభై ఉండె బిడ్డా. మేడారం పోయేటప్పుడు ఎవలన్న బంగారం పొట్లం కట్టిన్రేమో,” అంది. (అక్కడ తల్లులకిచ్చే బెల్లాన్నే బంగారం అంటారు.) ఇక నాలో కావలి నాయకుడు లేచాడు. పచ్చదారం ఆధారంగా మూలమీది దర్జీని అనుమానించి, నీ మిషన్ దగ్గర పచ్చదారం ఎందుకుందని నిలదీశాను. “ఏందివయా నీ లొల్లి? దర్జీ దగ్గర దారం గాక దోశెల పిండి ఉంటదా?” అని కత్తెర పట్టుకుని లేచాడు. హనుమకొండ దాకా పాతపేపర్ల దుకాణాలు, క్షౌరశాలల్లో బల్లల మీది పత్రికలు, ఏదీ వదల్లేదు. ఆమెకూ ముగింపు అంది ఉండదని నా నమ్మకం. ఆ పేజీలు దొరికితే వాటిని ఆమె చేతిలో పెట్టి, ఆ సందులో నా మాట కూడా చెప్పేయాలని నా పథకం. ముగింపు లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఆమె మూడుసార్లు దుకాణానికి వచ్చింది.

“దొరికిందా?”

“ఎతుకుతాన.”

మూడోసారి, “మంచిగ ఎతుకు,” అని వెళ్లింది. నాలుగోసారి వాళ్లమ్మ వచ్చింది, పెళ్లి జాకెట్లకు లేసు కోసం. నేనే కత్తిరించాను. కొలత రెండుసార్లు తప్పింది. మామ తిట్టిన తిట్లు ఒక్కటీ చెవికెక్కలేదు. ఆ రోజే నా బతుకు అయిపోయిందనుకున్నాను, చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను కూడా.

మొన్న హనుమకొండలో కంటి దవాఖానకు వెళ్లాను. చుక్కల మందు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన ఇంకెవరో కూర్చున్నారు, అంతా మసక. నర్సు నా పేరు పిలిచి ఇంకో అరగంట ఆగమంది. అప్పుడు పక్కనుంచి గొంతు వినిపించింది.

“చివరి వారం దొరికిందా?”

టైపు పిల్ల గొంతే! “ఎక్కడిది! ఊరంతా ఎతికిన,” అన్నాను.

“ఊరంతా ఎతికినవు. నన్నొక్కసారి అడగకపోతివి. వరసల నీకు ముందున్నది నేనే గదనయ్యా. కుట్లిప్పి ఏడు నెలలు పెట్టెల దాచిన, నువ్వొచ్చి అడుగుతవని. ఆ దారం గూడ నీ దగ్గరనే కొన్న. నువ్వే కాయితంల చుట్టిచ్చినవు.”

అప్పుడు నాకు వచ్చిన మాట ఏమిటంటే, “ఇంతకూ శిల్పిని చంపింది ఎవరు?” (ఒట్టు. ఇన్నేళ్లకు కూడా నా నోట్లోంచి ఊడిపడింది ఆ ప్రశ్నే.)

ఆమె బెంచీ కదిలేట్టు నవ్వింది. “ఓ దేవుడా! గది నాకు యాదికి లేదు. ఆఖర్ల ఆయన అడిగిండు. గదొక్కటే యాదికున్నది.”

అంతలో నర్సు ఆమెను లోపలికి పిలిచింది. కోడలనుకుంటాను, వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మందు వల్ల ఆమె మొహం నాకు సరిగా కనిపించలేదు. కళ్లు రెండూ బాగున్న రోజుల్లో మాత్రం నాకు ఏం కనిపించి చచ్చింది గనక! ఆటోలో ఇంటికొస్తూ, దర్జీని నిలదీసిన ఆ పిచ్చి పరిశోధకుణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ కళ్లు తుడుచుకున్నాను.

“మందు మండుతాందా సార్?” అన్నాడు ఆటో డ్రైవరు.

అవునన్నాను.