మొదటి డికాషన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాఫీ డికాషన్ రెండుసార్లు దిగేది. ఇత్తడి ఫిల్టరులో మొదట దిగిన చిక్కటిది తాతయ్యకు, నాయనమ్మకు, నాన్నకు, వచ్చిన చుట్టాలకు. అదే పొడి మీద మళ్ళీ మరిగే నీళ్ళు పోస్తే దిగే పలచటిది అమ్మకు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయేదంతే.

మాది చిక్కడపల్లిలో ఒక సందు. నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు అన్నీ తాతయ్యే నేర్పారు. పాఠం అయ్యాక నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ దాకా నడిచి, కళ్ళముందే గింజలు మరపట్టించి కాఫీ పొడి తెచ్చేవారు. ఇంటికి వచ్చేవరకూ ఆ వెచ్చటి పొట్లం నా చేతుల్లోనే ఉండేది. కాఫీ మీద నా ఇష్టం నాలుక కంటే ముందు అరచేతులకే తెలిసిందనుకుంటాను.

అమ్మ పల్లెటూరి నుంచి వచ్చింది. పుట్టింట్లో అందరూ చాయే తాగేవారట. ఒకసారి మా మేనత్తను చూడటానికి పెళ్ళివారు వస్తామని కబురు పెట్టారు. ఇంట్లో రోజూ కాఫీ కలిపేది నాయనమ్మే, ఈసారి తను కలుపుతానని అమ్మ ముచ్చటపడింది. రెండు రోజుల ముందు కలిపి చూపించింది కూడా. నాయనమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది.

"ఏందమ్మా ఇది? గిన్నె గడిగిన నీళ్ళ లెక్కున్నది. పెండ్లోల్ల ముంగట ఇజ్జత్ పోతది. ఆ రోజు నాకు తీరది, పక్కింటామెను పిలుస్త తియ్, నువ్వు పోయి పూలు గుచ్చు."

అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. పాఠానికి కూర్చున్నాక తాతయ్యను అడిగేశాను, "అమ్మకు కాఫీ కలుపుడు రాదా తాతయ్యా?" అని.

తాతయ్య నవ్వలేదు. "మీ అమ్మ ఏ కాఫీ తాగుతది బిడ్డా?" అన్నారు.

"రెండోది."

ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ పూట పాఠం ముందుకు సాగలేదు.

మర్నాడు పొద్దున తాతయ్య స్నానం చేసి వచ్చారు. నాయనమ్మ కలిపిచ్చిన మొదటి డికాషన్ కాఫీని తాగలేదు. తిన్నగా తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టారు.

"దేవునికి కాఫీ ఏందయ్యా?" అంది నాయనమ్మ.

"ఎందుకొద్దు? ఆయన మనకంటె ముందుగాల లేస్తడు గద."

నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హారతి అయ్యాక తాతయ్య ఆ గ్లాసు అమ్మ చేతికిచ్చారు. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దు మామయ్యా, మీరు తాగుండ్రి."

"ప్రసాదం. వద్దనొద్దమ్మా."

ప్రసాదమన్నాక అమ్మా కాదనలేదు, నాయనమ్మా అడ్డుచెప్పలేదు. అమ్మ గ్లాసు కళ్ళకద్దుకుని ఒక గుక్క తాగింది. గ్లాసులోకి తొంగి చూసింది.

"గిట్లుంటదా మామయ్యా, కాఫీ?"

అమ్మకు చేతకాక కాదు. తను రోజూ తాగే పలచటి కాఫీయే కాఫీ అనుకుని, చిక్కటి డికాషన్‌ను నీళ్ళతో ఆ రంగుకు తెచ్చింది, పాపం.

పెళ్ళివారు వచ్చిన రోజు కాఫీ అమ్మే కలిపింది. ముందుగా నాయనమ్మకు రుచి చూపించింది. నాయనమ్మ ఆగకుండా తాగింది. గ్లాసు ఖాళీ చేసి, పక్కింటావిడను రావద్దని చెప్పమని నన్ను పంపింది. ఆ మర్నాటి నుంచి రెండు డికాషన్లూ ఒకే గిన్నెలో కలిపి అందరికీ పోసింది కూడా నాయనమ్మే.

ఇప్పుడు నేను అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. మొన్న వంటకు కొత్తగా కుదిరిన ఆమె కాఫీ తెచ్చిచ్చింది, పలచగా. "ఏందమ్మా ఇది" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపిన తాతయ్యకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మర్నాడు నేనే చిక్కగా కలిపి, దేవుడి ముందు పెట్టి, ఆ గ్లాసు ఆమెకిచ్చాను.

"వద్దమ్మా, నేను చాయ్ తాగుత" అంది.

"ప్రసాదం. వద్దనొద్దు" అన్నాను.