పంటు మీద పాపను పడుకోనివ్వని టీచరుగారు

మా పక్కింటి టీచరుగారు పోయారని మొన్న ఉదయం చర్చివాళ్లు వచ్చి చెప్పారు. పాపకి జడ వేస్తున్నదాన్ని సగంలో వదిలేసి పక్కింటికి పరిగెత్తాను.

ఏడేళ్లప్పుడు పాపకి సాయంత్రమయ్యేసరికి కాళ్లు మెలితిరిగిపోయేవి. పొద్దున్నే లేస్తే మామూలే. గారాబం ఎక్కువై నాటకాలాడుతోందన్నారు అందరూ. నేనూ నమ్మి రెండు దెబ్బలు వేశాను, ఆ తప్పు నాదే. వాళ్ల నాన్న కువైట్‌లో ఉన్నారు, ఫోన్లో ఏం చెప్పాలో తెలిసేది కాదు. టీచరుగారు ఓ సాయంత్రం గుమ్మంలో నిలబడి చూశారు.

"పిల్లల నాటకాలు నాకు తెలీనివా అమ్మాయ్? ఇది నాటకం కాదు," అన్నారు.

గోదావరి అవతల పిల్లల డాక్టరుగారు మెదడుకి స్కానింగ్ రాశారు. మొదటిసారి పాప ఆ మిషను మోతకి బెదిరి కదిలిపోయింది, బొమ్మలన్నీ అలికేసినట్టు వచ్చాయి. ఈసారి పెందరాళే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తెమ్మన్నారు, అక్కడ మందిచ్చి పడుకోబెట్టి తీస్తారట. టీచరుగారూ మాతో బయల్దేరారు. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కామో లేదో, ఏటిగాలికి పాప కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు విసుగొచ్చి వెనక్కి పోదామన్నాను. టీచరుగారు వింటేగా! పంటు మీదున్నవాళ్లందరికీ సంగతి చెప్పి, పాపకి తలో పొడుపు కథ వెయ్యమన్నారు. చేపల బుట్టలావిడ మొదలుపెట్టింది. కొబ్బరికాయల లారీ డ్రైవరు తనకేమీ రావని సిగ్గుపడితే, ఆయన చేత ఎక్కాలు అప్పజెప్పించారు. ఆరో ఎక్కంలో ఆయన తప్పితే పాప నవ్వి సరిదిద్దింది. ఒడ్డు చేరేదాకా రెప్ప వెయ్యలేదు.

స్కాన్‌లో ఏ లోపమూ లేదన్నారు డాక్టరుగారు. అయితే ఇక అందరూ నాటకమేనంటారు కదా అని దిగులుపడ్డాను. టీచరుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"ఏమీ లేకపోతే కాళ్లెందుకు తిరుగుతున్నాయండీ? అది తెలిసేదాకా నేను లేవను."

స్కాన్ బాగుండటం మంచిదేనని డాక్టరుగారు విడమరిచి చెప్పారు. మెదడుకి దెబ్బ ఉంటే అందులో కనబడేది. అది లేదు కాబట్టి, సాయంత్రానికి ముదిరే తీరు చూస్తే, మెదడులో ఊరాల్సిన ఓ రసాయనం తక్కువైనట్టుందని, ఒక మాత్రతో చూద్దామని అన్నారు. కొద్ది రోజులకే పాప దీపాల వేళ వీధి చివరిదాకా నడిచింది. నేను ఏడుస్తూ దండం పెట్టబోతే టీచరుగారు కసిరారు. అప్పట్నించి రోజూ గోడమీంచి ఒకటే ప్రశ్న, మాత్ర వేశావా అని.

మొన్న పొద్దు వాలాక టీచరుగారి పెట్టె వెంట సమాధుల దొడ్డికి బయల్దేరాం. ఎవరో పాపని ఆటో ఎక్కమన్నారు. పన్నెండేళ్ల పిల్ల, ఎక్కనంది. కాలవగట్టు పొడుగునా నడిచి, గుప్పెడు మట్టి వేసింది. తిరిగొచ్చేటప్పుడు నా కాళ్లు తడబడుతుంటే, చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించింది.