పళ్ళెం చాపి చెప్పిన కీర్తన

ఆ కాలంలో వికారాబాదులోని మా ఆడపిల్లల హాస్టల్లో భక్తికీ ఆకలికీ మధ్య ఒక గరిటె దూరమే ఉండేది. పొద్దున్నే పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. వంతు రాగానే వార్డెనమ్మ ముందు ఒక కీర్తన చూడకుండా ఒప్పజెప్పి పళ్ళెం చాపితే, అప్పుడు అందులో జొన్న గట్క పడేది. కీర్తనల గ్రంథంలో అన్నిటికంటే చిన్నది నూట పదిహేడవ కీర్తన అనీ, అందులో ఉన్నవి రెండే వచనాలనీ హాస్టల్లో చేరిన మొదటి రోజే ప్రతి పిల్లకూ తెలిసిపోయేది. సకల జనులూ దేవుణ్ణి స్తుతించాలని చెప్పే ఆ కీర్తనను, సకల జనుల సంగతేమో గానీ, మా వరుస మొత్తం రోజూ భక్తిగా చెప్పేది. చివరికి వార్డెనమ్మ విసిగిపోయి, "రేపటినుంచి అది చెప్పినోళ్ళకు గట్క కూడా రెండే ముద్దలు" అంది. (నూట పంతొమ్మిదవ కీర్తన జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది పూర్తయ్యేలోపు మధ్యాహ్నం గంట కొట్టేస్తారు.)

నేనెప్పుడూ వరుసలో చివర. నలుగురి ముందు నోరు తెరిస్తే నా గొంతు నాకే వినపడేది కాదు. అందరూ తిని వెళ్ళిపోయాక చెబితే వినేది వార్డెనమ్మ ఒక్కతే కదా అని నా ధైర్యం. ఆ ఏడు వానల్లో అమ్మ గుట్టమీది క్షయ ఆసుపత్రిలో పోయింది. అంతకుముందు ఆదివారాలు గుట్ట ఎక్కి వెళ్ళి, మంచానికి దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, అమ్మకు దగ్గు ఆగినప్పుడల్లా ఒక మాట మాట్లాడి దిగి వచ్చేదాన్ని. అమ్మ పోయాక వరుసలో నిలబడి స్తుతి కీర్తన చెప్పబోతే నోరు రాలేదు. గ్రంథమంతా వెతికాను. ఏడుపుతో మొదలయ్యే కీర్తనలు నేననుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. కానీ వాటిలో ఏడ్చిన మనిషి చాలావరకు చివరికి కళ్ళు తుడుచుకుని స్తోత్రం చెబుతాడు. అంత తొందరగా తేరుకోవడం నాకు చేతకాలేదు. ఎనభై ఎనిమిదవది ఒక్కటే తేరుకోలేదు. అందులో మనిషి రాత్రింబగళ్ళు మొరపెడతాడు, ముఖమెందుకు దాచుకున్నావని దేవుణ్ణి నిలదీస్తాడు, నావాళ్ళను నాకు దూరం చేశావంటాడు, చీకటి దగ్గర ఆగిపోతాడు. దాన్నే పట్టుకున్నాను. మొదటిరోజు వార్డెనమ్మ నావైపు చాలాసేపు చూసింది. గట్క కొంచెం ఎక్కువ వేసింది. ఆ తర్వాత ప్రతి పొద్దున్నా అదే చెప్పాను. డైరీలో కూడా వేరే మాట రాయలేక 88 అని అంకె వేసి మూసేసేదాన్ని.

తాండూరులో మా ఇంట్లో అమ్మమ్మ నోరు మరోరకంగా మూతపడింది. అంతకుముందు ఆమె సాయంత్రప్రార్థన రైలు స్టేషను దాకా వినిపిస్తుందని పేరు. బర్రె ఎన్ని పాలిచ్చిందో, చిన్నమ్మ మొగుడు మళ్ళీ ఎక్కడ తాగి పడ్డాడో, పక్కింటివాళ్ళు గోడ ఎంత జరిపి కట్టారో, అన్నీ దేవుడికి విన్నవించేది. (మా వాడలో కబుర్లు తెలియాలంటే ఆ వేళకు మా గోడ పక్కన నిలబడితే చాలు.) అమ్మ పోయిన నాటినుంచి ప్రార్థనకు అందరం కూర్చుంటే, "మీరు చేసుకోండ్రి, నేను పొయ్యి చూస్త" అని లేచిపోయేది. అన్నం ముందు కూడా తల వంచేది కాదు. మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి, "అన్ని విషయాల్లోనూ స్తుతించాలమ్మా" అంటే, "మీ బిడ్డ సల్లగ ఉండాలె అయ్యగారూ, మీరు స్తుతించుండ్రి" అంది. గుడికి రావడమూ మానేసింది. సెలవులకు ఇంటికొచ్చిన నాకు అమ్మ లేకపోవడం ఒక ఎత్తు, ఆ సాయంత్రాల నిశ్శబ్దం ఒక ఎత్తు. ఆ గొంతు కూడా ఇక వినిపించదేమోనని భయమేసేది.

అప్పుడే, కొత్త పంట గుడికి కానుకిచ్చే పంటల పండుగ వచ్చింది. పెత్తనమంతా చిన్నమ్మది. "ఓ పిల్లా, నూరో కీర్తన నువ్వే చెప్పాలె" అంది.

"నాతోని కాదు చిన్నమ్మా."

"ఐదు వచనాలకే పాణం పోతదా? వికారాబాదుల అంత సదువు సదివి ఇంట్ల మూగదాని లెక్క కూసుంటవా?"

వారమంతా బర్రె ముందు నిలబడి నూరవ కీర్తన వల్లించాను. అది నెమరేస్తూ ఎంతో శ్రద్ధగా విన్నది. పండుగనాడు అమ్మమ్మ కూడా చీర మార్చుకుని బయలుదేరింది. అందరూ ఆశ్చర్యపోయి చూస్తే, "మనవరాలి కోసం వస్తున్న, ఆయన కోసం కాదు" అని చెప్పి, గుడిలో గడప పక్కనే కూర్చుంది.

బల్లముందు జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు, వేలానికి కాళ్ళు కట్టిపెట్టిన చిన్నమ్మ పుంజు. వెనక వాకిట్లో విందుకు వంట ఉడుకుతోంది. కీర్తనలు చెప్పే పిల్లలమంతా వరుసలో నిలబడ్డాం, ఎప్పటిలాగే నేను చివర. నా ముందువాళ్ళు ఒక్కొక్కరే చెప్పి జరిగిపోతున్నారు. ఉడికే జొన్నల వాసన కిటికీలోంచి వస్తోంది. నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. వరుసా, వాసనా, చివరి వంతూ, అన్నీ హాస్టల్లో ఉన్నట్టే ఉన్నాయి. నా నోరు తెరుచుకుని ఎనభై ఎనిమిదవ కీర్తన చెప్పడం మొదలుపెట్టింది.

సమాధులూ, అగాధాలూ వచ్చేసరికి గుడిలో గుసగుసలు ఆగిపోయాయి. పుంజు ఒక్కటే కూసింది. అయ్యగారు మెల్లగా, "అమ్మాయీ, అది కాదమ్మా, ఇవాళ పండుగ" అన్నారు. "అయ్యో, నా పరువు తీసెగదనే" అని చిన్నమ్మ. నాకు అవన్నీ ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి గానీ ఆగడం తెలియలేదు.

అప్పుడు గడప దగ్గరనుంచి ఒక గొంతు లేచింది. స్టేషను దాకా వినిపించే గొంతు. "ఆగుండ్రి అయ్యగారూ! పిల్లను సెప్పనియ్యుండ్రి."

చెప్పాను. చీకటి దాకా చెప్పాను. అయిపోయాక, ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలిపోతాయి గానీ, అలవాటు కొద్దీ పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాను. పిల్లలు కిసుక్కుమన్నారు. కళ్ళు తెరిస్తే గుడి నిండా జనం, చేతుల్లో ఏమీ లేదు. ఎటు పారిపోవాలో తెలియక అలాగే ఉండిపోతే, అమ్మమ్మ అందరి మధ్యనుంచి నడిచి వచ్చి ఆ చేతులు పట్టుకుంది.

ఇంటికి పోయే దారిలో అడిగింది. "బిడ్డా, గది నువ్వు కల్పించి సెప్పినవా?"

"లేదమ్మమ్మా. గ్రంథంలనే ఉన్నది."

"ఆయన పుస్తకంల, ఆయన్నే గట్ల అడిగిండ్రా?"

"అడిగిండ్రు."

"ఆయన దాన్ని తీసెయ్యలేదా?"

"లేదు."

"మరి ఇన్నొద్దులు నాకెవ్వరు సెప్పకపాయిరి" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ సాయంత్రం పొయ్యి చూడటానికి లేవలేదు. దీపం ముందు కూర్చుని, "ఏమయ్యా, నా బిడ్డను ఎందుకు తీస్కపోయినవ్? ముసల్దాన్ని నేను కనవడలేదా నీకు?" అని మొదలుపెట్టింది. స్తోత్రం ఒక్కటీ లేదు. తిట్టింది, ఏడ్చింది, నడుమ బర్రె పాలు తగ్గిన సంగతి కూడా చెప్పింది. గోడ అవతలనుంచి పక్కింటామె, "ఓ ముసలమ్మా, మల్ల సురువు జేసినవా?" అంది. ఆ గొంతులోనూ తడి ఉంది. అమ్మ పోయాక నేను మొదటిసారి కడుపునిండా ఏడ్చింది ఆ సాయంత్రమే.

అమ్మమ్మ కూడా ఇప్పుడు లేదు. నేను వికారాబాదులోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కూటాల్లో నన్ను ప్రార్థన చేయమంటే ఇప్పటికీ పక్కావిడ వెనక దాక్కుంటాను. కీర్తనలు ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే, ఏడ్చేవాళ్ళను కూడా వరుసలోంచి తీసెయ్యరని చెబుతాను. ఎనభై ఎనిమిదవది ఒంటరిగా చదువుకుని ముగించినప్పుడల్లా నా చేతులు వాటంతటవే కొంచెం ముందుకు కదులుతాయి. గదిలో ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, నవ్వుకుని, వాటిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటాను.