చీలమండ దగ్గరి సిర

ఈ పొద్దున దూదిని స్పిరిట్‌లో ముంచగానే, ఆ వాసనకు మళ్లీ కొత్త నర్సునైపోయాను. నరసరావుపేటలో నేను మొదట చేరిన చిన్న ఆసుపత్రీ, అక్కడి హెడ్ నర్సు మస్తాన్‌బీ అక్కా గుర్తొచ్చారు.

మనిషి పొట్టి, మాట మొరటు. తీరిక దొరికితే నా ముంజేతి మీద ఉబ్బిన సిరను ఒక వేలితో అదిమి, ఇంకో వేలితో మోచేతి వైపు తుడిచేవారు. సిర మాయం! ఆ రెండో వేలు తీసినా రక్తం వెనక్కి జారేది కాదు. లోపల చిన్న తలుపులున్నాయట, గుండె వైపే తెరుచుకుంటాయట. ఇంటికెళ్లి నాన్న చేతి మీద కూడా చేసి చూశాను. తల, చేతుల రక్తమంతా పైనుంచి ఒక పెద్ద సిరలో, కాళ్లదీ పొట్టదీ కిందనుంచి ఇంకో పెద్ద సిరలో గుండెకు చేరుతుంది. మరి పాదంలోది అంత ఎత్తుకు ఎట్లా ఎక్కుద్దని అడిగితే, "నడిచి చూడవే, నీకే తెలుసుద్ది" అన్నారు. అడుగేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి, సిరను పిండి పైకి తోస్తుందట. నాలుగు రోజులు నా పిక్కలు పట్టుకుని చూసుకుంటూ నడిచాను.

ఎండలు ముదిరాక ఒకరోజు, ఈపూరు వైపు మిరపకోతలకు వెళ్లిన కూలీ ఒకామెను ఆటోలో తెచ్చారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయింది. మంచాలు ఖాళీ లేక చాప మీద పడుకోబెట్టాం. సెలైన్ ఎక్కకపోతే మనిషి దక్కదు. చేతులకు మూడుసార్లు పొడిచాను. సిరలన్నీ అణిగిపోయాయి.

లోపలి చీలమండ ఎముకకు కాస్త ముందు, ఒంట్లోకెల్లా పొడవైన సిర పైకి పోతుంది. కంటికి కనపడకపోయినా అక్కడే దొరుకుతుందని అక్క ఎప్పుడో నేర్పారు. అయినా నాలుగోసారీ చేతికే సూది ఎత్తాను. దాచడమెందుకు, మా చేలోకి కూలికొచ్చేవాళ్లలాంటి మనిషి, మట్టి పాదం. పట్టుకోబుద్ధి కాలేదు.

అక్క నన్ను పక్కకు జరిపి, నేల మీద కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచారు. ఆమె మగతలోనే కాలు లాక్కుంటూ, "నా కాళ్లు పట్టుకోమాకమ్మా, పాపం" అంది.

"పొద్దస్తమానం నిన్ను మోసిన కాలు. నాకేంది పాపం?" అన్నారు అక్క.

ఒక్క పోటుకే సూదిలో రక్తం కనపడింది. సాయంత్రానికి ఆమె లేచి టీ అడిగింది.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాలి దగ్గరుందని తెలుసుగా, ఎందుకు కూర్చోలేదే?" అని మాత్రం అడిగారు.

ఇవాళ వచ్చింది పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే ముసలాయన. చేతుల్లో సిర దొరకలేదు. నేల మీద కూర్చుని, సున్నం పట్టిన ఆయన పాదం కడిగి ఒళ్లో పెట్టుకున్నాను. ముసలాయన సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.