కుట్టి కోసిన ముక్కలు

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎవరో ఒకామె ఎర్రటి చదరపు గుడ్డముక్కనూ తెల్లటి దాన్నీ ఒకదాని మీద ఒకటి ఉంచి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు రెండు పక్కలా కుట్టు వేసి, ఆ గీత మీదే కత్తిరించింది. విప్పితే రెండు చదరాలు, ఒక్కొక్కటి సగం ఎరుపు, సగం తెలుపు. పిల్ల దాన్ని వింతగా మళ్ళీ మళ్ళీ చూస్తుంటే, నాకు మాత్రం బాన్సువాడ బస్టాండు దగ్గరి మా పాత దుకాణమూ, దాని వెనుక గదిలో గోడవైపు తిరిగి కూర్చున్న మా అక్కా గుర్తుకొచ్చారు.

అప్పటికి నేను దర్జీపని నేర్చుకొని, ఒక ఇల్లు కిరాయికి తీసుకొని, ముందు గదిలో మిషను పెట్టుకున్నాను. వెనుక గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. ఆ వానాకాలంలోనే బావ జ్వరంతో పోయాడు. పిల్లలు లేని అక్కను పెద్ద కొడప్‌గల్ పక్కనున్న అత్తవారి ఊరి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. వడ్డిస్తే నాలుగు ముద్దలు తినేది, పలకరిస్తే తల ఊపేది, అంతే. ఇంటినిండా నవ్వుతూ తిరిగిన మనిషి అలా అయిపోతే అమ్మ చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఒకనాడు కత్తిరింపుల మూట బయట పారెయ్యబోతే అక్క లేచి వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. మరునాటి నుంచి ఆ నూలుగుడ్డ ముక్కల్ని త్రికోణాలుగా కోసి, రెండు రంగులు జతచేసి, చేత్తో బొంత కుట్టడానికి కూర్చుంది. ఎంత జాగ్రత్తగా కుట్టినా చదరం చదరంగా రాలేదు. విప్పేది, మళ్ళీ కుట్టేది.

“గిదేంది తమ్మీ, మంచిగ కొలిచి కోసినా వంకరే వస్తుంది?”

మా ఇంటికి వచ్చాక తనంతట తాను ఆమె అడిగిన మొదటి మాట అది. ఐమూలగా కోసిన అంచు లాగితే సాగుతుందని నాకు తెలుసు గాని, సాగకుండా ఎలా ఆపాలో తెలియదు. ఆ సాయంత్రం దుకాణం పని పక్కన పెట్టి ఇద్దరం ఎన్ని ముక్కలు పాడుచేశామో. చివరికి అక్కే, “కోసినంక కుడితే సాగుతుంటే, ఇగ కుట్టినంకనే కోద్దాం” అంది. సుద్దతో గీత గీసింది, నేను రెండు పక్కలా మిషను కుట్టు వేశాను, తాను కత్తెర పెట్టింది. విప్పి పరిస్తే అంచులు తిన్నగా ఉన్నాయి. అక్క నవ్వింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ మొదటి బొంతను తీగ మీద ఆరేస్తే, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన తండా ఆవిడ చూసి, కూతురి కాన్పుకు అలాంటిదే కావాలంది. అక్క ఒప్పుకుంది. దాని ముక్కలు చాపనిండా పరిచి ఉండగానే బావగారి అన్న వచ్చాడు.

“చెరుకు కొట్టనీకి మనుషులు దొరుకుతలేరు. మరదలును తోలుకపోత” అన్నాడు. అది వాళ్ళింటి హక్కన్నట్టే అడిగాడు. అమ్మ చాయ్ పెట్టడానికి లేచింది.

అక్క సూది ఆపకుండానే జవాబు చెప్పింది. “నేను రాను బావా. ఈ బొంత ఒప్పుకున్న.”

“అయినంక రా మరి.”

“అయినంక ఇంకోటి ఉన్నది.”

నిజానికి ఇంకొకటి లేదు. ఆయన చాయ్ తాగి, కాసేపు ఆ ముక్కల వంక చూసి, లేచి వెళ్ళిపోయాడు. మరుసటేడు తన మనవడి కోసం పాత చీరలు పంపించి బొంత అడిగింది ఆయనే. అక్క అందరికన్నా శ్రద్ధగా కుట్టి ఇచ్చింది. తరువాత మిషనూ నేర్చుకుంది. నా పెళ్ళయ్యాక కూడా మా ఇంట్లో ఆమెది పెద్దరికమే. ఇప్పుడు చూపు మందగించినా, వంటింట్లో ఏ కూరకు ఏం తక్కువైందో అరుగు మీద కూర్చునే చెబుతుంది.

ఇప్పుడు చలికాలం వస్తే దుకాణంలో మెత్తని దుప్పట్లు దొరుకుతాయి, తేలిగ్గా ఉంటాయి, నేనూ అవే కప్పుకుంటాను. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. కాని ఒక బొంత పూర్తయ్యేలోగా చెరో కొస పట్టుకొని అక్కా నేనూ మాట్లాడుకున్నన్ని మాటలు, ఈ రోజుల్లో ఒకే ఇంట్లో ఉండి కూడా ఎవరం మాట్లాడుకుంటున్నాం?